ఎనభై దాటితే లాగని కారు

ప్రశ్న: మా పెట్రోల్ కారుకు ఆరేళ్లు, టర్బో లేదు. ఊళ్లో బాగానే నడుస్తోంది కానీ, హైవే మీద లారీని దాటబోయి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 80 దాటాక లాగడం లేదు. చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు. స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూయెల్ పంపు మార్పించినా గుణం కనబడలేదు. ఎయిర్ ఫిల్టర్‌కు మాత్రం తరచూ గాలి కొట్టిస్తున్నాను. లోపం ఎక్కడుందంటారు?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఊళ్లో ఇబ్బంది లేదన్న మాటే ఇక్కడ అసలు ఆధారం. ఒక కిలో పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు గాలిని థ్రాటిలే (పెడల్ తొక్కిన కొద్దీ తెరుచుకునే గాలి ద్వారం) చాలావరకు ఆపి ఉంచుతుంది కనుక, దానికి ముందున్న అడ్డు బయటపడదు. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే తెలుస్తుంది. వచ్చిన గాలిని బట్టి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలునూ తగ్గిస్తుంది కాబట్టి దీపం వెలగకపోవడం సహజమే.

ఇక ఏ భాగమూ మార్చకుండా, ముందు స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) పెట్టించి, థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనం చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే అది బయటి గాలి పీడనాన్ని చూపుతుంది: ఖమ్మంలో దాదాపు 100 కిలోపాస్కల్‌లు, ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95 దరిదాపు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మీరు రెండో గేరులో పెడల్ పూర్తిగా తొక్కి 4,000 ఆర్‌పీఎం దాటిస్తుండగా, పక్కన కూర్చున్నవారు అంకె చూడాలి. మొదట చూసిన అంకె కంటే రెండు మూడు తగ్గితే చింత లేదు. దాదాపు పది తగ్గితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా దాని ముందు గాలి దారి మూసుకుపోయింది.

అప్పుడు కొత్త ఫిల్టర్ వేసి అదే పరీక్ష మళ్లీ చేయండి. పాతదానికి ఇక గాలి కొట్టించవద్దని గట్టిగా కోరుతున్నాను. ఆ ఒత్తిడికి కాగితం చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. ఫిల్టర్ మార్చినా అంకె పడుతుంటే, గ్రిల్ వెనుక గాలి పీల్చే గొట్టంలో ఎలుకలు గూడు పెట్టాయేమో, ఫ్లోర్ మ్యాట్ పెడల్‌కు అడ్డుపడుతోందేమో చూడండి. ఫిల్టర్‌కూ థ్రాటిల్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని చేత్తో నొక్కి పరీక్షించాలి; మెత్తబడిన గొట్టం ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నిండుగానే కనిపించి, గట్టిగా పీల్చగానే లోపలికి ముడుచుకుపోతుంది.

పీడనం 100 దగ్గరే నిలిచి, కారు మాత్రం లాగకపోతే, గాలి వచ్చే దారిలో దోషం లేనట్టే. అప్పుడు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయిందేమో పరీక్ష చేయించండి.