గాయానికి కట్టు కట్టాలా, గాలికి ఆరనివ్వాలా?

బండి మీద నుంచి పడి మోకాలు దోక్కుపోయింది, కట్టు కట్టాలా, గాలికి వదిలేయాలా అని అడిగారు. కట్టండి. గాలి తగిలితేనే తొందరగా మానుతుందని నేనూ ముప్పై ఏళ్ళు నమ్మాను, నా మోకాలి మీదే తేలాక బుద్ధొచ్చింది.

రెండేళ్ళ క్రితం మా వీధి మలుపులో బండి జారింది. ఎవరో ఇల్లు కట్టుకుంటూ సగం రోడ్డు మీద ఇసుక పోశారు (గృహప్రవేశానికి వీధంతా పిలుస్తారు గానీ, ఇసుక ఊడవమంటే మేస్త్రీ చూసుకుంటాడంటారు). మోకాలి చిప్ప మీద అరచేతి అంత తోలు లేచిపోయింది. కుళాయి కింద పెట్టి ఇసుక కడుగుతుంటే ప్రాణం పోయింది. టీటీ అదే రోజు వేయించుకున్నాను. ఇంటికి రాగానే అమ్మ గుప్పెడు పసుపు అద్దింది, పక్కింటావిడ కాఫీ పొడి పట్టుకొచ్చింది, దాన్ని మాత్రం ఆపగలిగాను. ఇక లుంగీ పైకి మడిచి ఫ్యాను కింద కూర్చోవడమే వైద్యం.

నాలుగో రోజుకి నల్లగా, బెల్లం అచ్చులా పక్కు కట్టింది. ఆహా అనుకున్నాను. కానీ మోకాలు కదా, మెట్లెక్కితే చాలు పక్కు నడిమికి చీలేది, నెత్తురు, మళ్ళీ కొత్త పక్కు. పన్నెండు రోజులు ఇదే వరస. అంచుల్లో చీము కనిపించేసరికి టెన్షన్ పుట్టి క్లినిక్కి పరిగెత్తాను. నర్సమ్మ చూసి “ఇదేంటండీ, పసుపు పిడకలా ఉంది” అని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ పావుగంట కప్పి ఉంచింది. పీకుతుందేమోనని పళ్ళు బిగబట్టాను, అది మెత్తబడి దానంతటదే ఊడొచ్చింది. కింద ఎర్రగా, దానిమ్మ గింజల్లా కొత్త కండ. డాక్టరు మాత్రలు రాశారు, ఆవిడ వాజలీన్ పూసిన గుడ్డ వేసి పైన కట్టు కట్టింది. పది రోజుల్లో మూసుకుంది.

కొత్త చర్మం అంచుల నుంచి లోపలికి పాకుతుందట. తడిగా ఉంటే జారుతూ వస్తుంది, ఎండితే పక్కు కింద దారి తవ్వుకుంటూ రావాలి. 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల గాయాల మీద పాలిథీన్ కప్పి చూస్తే, వదిలేసిన వాటికన్నా దాదాపు రెట్టింపు వేగంగా చర్మం పట్టింది. మనవాళ్ళు ఇంకా ఫ్యాను దగ్గరే ఉన్నారు. పైగా రోజూ పెరాక్సైడ్ పోసి, బుడగలొస్తే మందు పనిచేస్తోందని మురిసిపోవడం ఒకటి. క్రిములతో పాటు కొత్త కణాలూ చస్తాయి నాయనా!

షుగర్ ఉండి, దెబ్బ పాదానికైతే మాత్రం ఈ జవాబు మూసేసి ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదు. మా పెదనాన్న చెప్పు కరిచిన పుండుకే ఒక వేలు పోగొట్టుకున్నారు.

అమ్మ ఇప్పటికీ తన పసుపు వల్లే మానిందంటుంది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారని, మన సీఎస్ఐఆర్ (కేంద్రం నడిపే శాస్త్ర పరిశోధన సంస్థ) పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించిందని ఒకసారి నోరు జారాను. అప్పటి నుంచి మా ఇంట్లో కూరగాయలు తరుగుతూ వేలు తెగినా పసుపు డబ్బానే ముందు వస్తుంది.