పొగ అలారం ఊరికే మోగుతుంటే బ్యాటరీ తీసేయకండి

మీ గెస్ట్‌హౌస్ కారిడార్‌లో అలారం రోజూ పొద్దున్నే మోగుతోందంటే, అది ఎక్కువగా వేడినీళ్ల ఆవిరి పనే. బాత్రూమ్ తలుపు తీయగానే నేరుగా దానికే తగులుతుంది.

ఆ మోత భరించలేక మీ దగ్గర పనిచేసే కుర్రాడు బ్యాటరీ తీసేసి ఉంటే, ముందు ఇవాళే తిరిగి వేయించండి. 2022లో సికింద్రాబాద్‌లో మంట కింది షోరూమ్‌లో పుట్టింది, పొగ పైన లాడ్జి గదుల దాకా ఎక్కింది. 8 మంది పోయారు.

1. అలారాన్ని బాత్రూమ్ తలుపుకి కనీసం 3 అడుగులు, పొయ్యికి 10 అడుగుల దూరానికి మార్చండి.
2. వంటగదిలో వేడికి మోగే హీట్ డిటెక్టర్ పెట్టించండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: రాత్రి ఒకరు చివరి గదిలో తలుపేసుకుని, ఫ్యాన్ వేసుకుని పడుకోవాలి. ఇంకొకరు టెస్ట్ బటన్ నొక్కాలి. గట్టిగా వినపడకపోతే ఆ గదిలోనూ ఒకటి పెట్టాల్సిందే.