పెట్టె మీద 18 అని ఉన్నా పిల్లాడికి అమ్మేశారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. మా అబ్బాయికి 14 ఏళ్లు. సంక్రాంతికి వాళ్ల అమ్మమ్మ, మేనమామలు ఇచ్చిన డబ్బులు దాచుకుని, ద్వారకానగర్‌లో ఒక షాపులో రెండున్నర వేలు పెట్టి వీడియో గేమ్ డిస్క్ కొన్నాడు. పెట్టె మీద ఎర్ర గడిలో 18 అని ఉంది. ఆటంతా కాల్చడం, నరకడమే. వెళ్లి అడిగితే, ‘వయసు చూసి అమ్మాలని రూలేం లేదండీ’ అన్నారు. వాళ్ల మీద కేసు పెట్టొచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ మాట మీకు కోపం తెప్పించినా, చట్టం వరకూ దాదాపు నిజమే. ఆ ఎర్ర గడి ‘పెగి’ అనే యూరప్ రేటింగ్, ఆట ఏ వయసు వాళ్లకి తగునో చెప్పేది. 2003లో మొదలైంది. బ్రిటన్‌లో 2012 నుంచి దానికి చట్టబలం ఉంది కాబట్టి అక్కడైతే ఈ అమ్మకం నేరం. మన దగ్గర సినిమాకి సెన్సార్ బోర్డు ఉంది గానీ వీడియో గేమ్‌కి లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో ఇలాంటి నిషేధమే తెస్తే, భావప్రకటనా స్వేచ్ఛకు అడ్డమని 2011లో అక్కడి సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది.

మన చట్టాల్లో మీ సమస్యకి దగ్గరగా వచ్చేది ఒకటుంది. పిల్లలకు, యువకులకు హాని చేసే ప్రచురణల మీద 1956లో చేసిన చట్టం అది. నేరాలు, హింస, క్రూరత్వం చూపించి 20 ఏళ్లలోపు వాళ్లను చెడగొట్టేలా ఉన్న కథల ప్రచురణ అమ్మితే ఆరు నెలల దాకా జైలు. మీ కోసమే రాసినట్టుంది కదా! చిక్కల్లా, అందులో చెప్పింది పుస్తకం, పత్రిక, కరపత్రం, వార్తాపత్రిక, ‘అలాంటి ఇతర ప్రచురణ’ అని. డిస్క్ కూడా అందులోకి వస్తుందని వాదించొచ్చు. కానీ జైలుకి పంపే చట్టాన్ని కోర్టులు అంత తేలిగ్గా సాగదీయవు. దాన్ని నమ్ముకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగమని నేనైతే చెప్పను. ఇక ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 295వ సెక్షన్ పిల్లలకు అశ్లీల వస్తువులు అమ్మడం గురించి. తుపాకులు, రక్తం దాని కిందకి రావు.

డబ్బు సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్‌తో చేసుకున్న ఒప్పందం చెల్లదు. మొహరీ బీబీ కేసులో 1903లోనే, అప్పట్లో మనకి అన్నిటికంటే పై కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఈ మాట తేల్చేసింది. అలాగని వాడేసిన సరుక్కి డబ్బు వెనక్కి రావడం ఖాయం అనుకోవద్దు. అందుకే ఇంకా ఆడనివ్వకుండా, డిస్క్, బిల్లు, అబ్బాయి ఆధార్ కాపీ పట్టుకుని మీరో మీవారో వెళ్లండి. వాణ్ని తీసుకెళ్లి పదిమందిలో నిలబెట్టకండి. షాపువాళ్లు ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మైనర్ తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు చేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

వెళ్లే ముందు డిస్క్‌ను ఒకసారి వెలుతుర్లో తిప్పి చూడండి. కవరు కలర్ జిరాక్స్‌లా ఉండి, డిస్క్ మీద పేరు స్కెచ్ పెన్నుతో రాసుంటే అది దొంగ కాపీ. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అప్పుడు మాత్రం నేరుగా పోలీసులకే ఫిర్యాదు ఇవ్వండి.