ప్లాన్ ఏఐ గీస్తుంది సరే, దానికి పూచీ ఎవరు?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఆర్కిటెక్చర్ చదువుతానని పట్టుబడుతోంది. ఇంటి ప్లాన్లు ఏఐ నిమిషంలో గీసేస్తోందని అందరూ అంటున్నారు. అయిదేళ్ల తర్వాత ఆ పని మిగులుతుందా? బీటెక్ సీఎస్ఈలో చేర్చడం మేలా? లేక ఏఐ, త్రీడీ ప్రింటింగ్ కూడా నేర్పుతామంటున్న ప్రైవేటు యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివించమంటారా?

జవాబు: మీ ఉత్తరం నిండా ఏఐ ఉంది గానీ మీ బెంగ అది కాదు. ఇంత డబ్బు పోసి చదివించాక పిల్ల సొంత కాళ్ల మీద నిలబడుతుందా అన్నదే మీ బెంగ. ఇదే ప్రశ్న చాలా ఇళ్ల నుంచి వస్తోంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. నిలబడుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో మొదటి రెండు మూడేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువగానే ఉంటుంది. ఏఐ రాకముందూ అంతే. ఆ సంగతి తెలిసి చేర్చండి. చేర్చాక పక్కింటి అబ్బాయి ప్యాకేజీ చూపించి పిల్లను సాధించకండి.

ఇక యంత్రం సంగతి. ముప్పై అడుగుల వెడల్పులో మూడు గదులు వరసగా కావాలని అడగండి. 12, 10, 8 అడుగుల గదులు చక్కగా సర్ది ఇస్తుంది. కూడితే సరిగ్గా 30. మరి గోడల సంగతి? బయటి గోడలు రెండూ 9 అంగుళాలు, లోపలివి రెండూ నాలుగున్నర అనుకున్నా 2 అడుగుల 3 అంగుళాలు గోడలకే పోతాయి. అదెక్కడి నుంచి తగ్గించాలి, ఏ గదిలో మంచం పట్టకుండా పోతుంది అన్న ఆలోచన దానికి ఉండదు. సముద్రం ఒడ్డున ఇల్లు అడిగితే నిలువెత్తు గాజు గోడ పెడుతుంది, ఎందుకంటే అది చూసి నేర్చుకున్న ఫొటోల్లో అలాంటివే ఎక్కువ. ఏటవాలుగా కొట్టే వాన, సన్‌షేడ్, పై అంతస్తు బాత్రూం పైపు దిగే దారి ఆ బొమ్మలో కనిపించవు.

ఇవన్నీ రేపు సరిదిద్దుకుంటుందేమో. అయినా కట్టాక గోడ బీటలిస్తే యజమానికి జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టిన మనిషే. అలాగని తగ్గే పనుల్ని దాచను. రంగురంగుల త్రీడీ వ్యూలు చేసి ఇవ్వడం, ఒకే ప్లాన్‌ను నాలుగు రకాలుగా మార్చి గీయడం లాంటి పనులకు గిరాకీ పడిపోతోంది. ప్లాన్ అనుమతుల దరఖాస్తులు కూడా మన రాష్ట్రంలో ఆన్‌లైన్ అయిపోయాయి. గీతలు గీయడం ఒక్కటే వచ్చిన వారికి కష్టకాలమే.

పెరిగే పని వేరే ఉంది. బిమ్ అనే పద్ధతిలో గోడను గీతగా కాకుండా గోడగానే కంప్యూటర్‌కు చెబుతారు. కిటికీ ఒక అడుగు జరిపితే ప్లాన్‌లో, ఎలివేషన్‌లో, ఇటుకల లెక్కలో ఒకేసారి మారుతుంది. 110 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు బీమ్‌కు అడ్డం వస్తే కాంక్రీటు పోయకముందే తెలుస్తుంది. మన ఊళ్లలో శ్లాబు పడ్డాక ప్లంబర్ వచ్చి బీమ్‌కు కన్నం కొట్టడం, కమ్మీలు తెగడం మామూలైపోయింది. ఆ నష్టాన్ని ముందే ఆపగలిగే మనిషికి పని కరువుండదు.

త్రీడీ ప్రింటింగ్ మీద మాత్రం నా అనుమానాలు గట్టివి. బెంగళూరులో 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసును అలా కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. గొప్ప పనే. కానీ అందులో యంత్రం గొట్టంలోంచి కాంక్రీటు ముద్దను వరస మీద వరసగా పోస్తుంది. ముద్ద త్వరగా గట్టిపడితే గొట్టంలో అడ్డుపడుతుంది, ఆలస్యమైతే పై వరస బరువుకు కింది వరస జారిపోతుంది. కమ్మీలు విడిగా పెట్టుకోవాలి, పైకప్పు సంగతి విడిగా చూసుకోవాలి. చాలా రకాల యంత్రాలు ఇంటికంటే వెడల్పుగా నిలబడాలి. శ్రీకాకుళం పాత వీధుల్లో ఇటుకల ట్రాక్టరే తిరగదు. పెద్ద ప్రాజెక్టులకు పనికొచ్చే ఈ విద్యను నమ్ముకుని పదిహేడేళ్ల పిల్లకు అయిదేళ్ల ఫీజు కట్టడం నాకు సబబుగా తోచదు. కోర్సు పేరులో ఏఐ చేర్చి అదనంగా అడిగే ఫీజుకూ ఇదే మాట. ఆ సాఫ్ట్‌వేర్లు రెండేళ్లకోసారి మారిపోతాయి. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్, బిమ్‌కు వాడే రెవిట్ విద్యార్థులకు ఉచితం, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అందరికీ ఉచితమే. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

కొత్త ఆలోచనలంటే నన్నడిగితే మన తీరానికి పనికొచ్చేవి చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తుపాను గాలి రేకుల కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఆ లాగుడు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. రేకును పట్టి ఉంచే జె-హుక్కులు అన్నిచోట్లా ఒకే ఎడంలో బిగిస్తే ముందు మూల రేకు లేస్తుంది, వెనకే వరసంతా లేస్తుంది. మన తీరంలోని పాత చుట్టిళ్లు గుండ్రంగా, చూరు నేలకు దగ్గరగా ఉండేవి, గాలికి తగలడానికి చదును గోడే ఉండేది కాదు. ఆ గుణాన్ని నేటి ఇంట్లోకి ఎలా తేవాలో కంప్యూటర్‌లో గాలి ప్రవాహం నడిపి చూసుకోవచ్చు. ఉప్పుగాలికి కమ్మీ తుప్పు పట్టకుండా తీరంలో ఐఎస్ 456 అనే కాంక్రీటు కోడ్ ప్రకారం 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కమ్మీ మీద అంత మందం కాంక్రీటు, పైగా ఎం30 అనే గట్టి రకం కాంక్రీటు కావాలి. మన దగ్గర ఆ ఎడం కోసం కమ్మీ కింద పెట్టే కవర్ బ్లాకుల బదులు కంకర రాయి పెట్టేస్తున్నారు. సున్నపురాయి, కాల్చిన బంకమట్టి కలిపిన ఎల్‌సీ3 సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది, మామూలు సిమెంటు కంటే కర్బన కాలుష్యం బాగా తక్కువ. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో గాలికి తెరుచుకునే భాగం ఇంటి లోపలి వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలి. 600 చదరపు అడుగుల ఇంటికి 100 అన్నమాట. చిన్న స్థలాలకు ఆ నియమం వర్తించకపోయినా లెక్క మాత్రం మంచిది. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి సగమే లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు వాడుతున్నవన్నీ అవే, అందుకే ఏసీ లేనిదే నిద్రపట్టడం లేదు.

మరో నిజం కూడా తెలుసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అన్న పేరును మాత్రమే, ప్లాన్ గీసే పనిని కాదు. సుప్రీంకోర్టు 2020లో ఆ మాటే తేల్చింది. అంటే మీ అమ్మాయికి పోటీ ఏఐ ఒక్కటే కాదు, ఊళ్లో ఇంజినీర్లు, మేస్త్రీలు ఎప్పటి నుంచో ఉన్నారు. వాళ్లకంటే మెరుగ్గా ఏం ఇవ్వగలదో పైన చెప్పాను.

సీఎస్ఈతో పోల్చమన్నారు. అందులో నాలుగేళ్లే, మొదటి జీతం త్వరగా వస్తుంది. కానీ ఏఐ కోడ్ కూడా రాస్తోంది కదండీ! ఆర్కిటెక్చర్‌ను మింగేస్తుందని భయపడి, సాఫ్ట్‌వేర్‌ను వదిలేస్తుందనుకోవడం ఎలా? కొంచెం కటువుగానే చెబుతున్నాను. మూడు ప్రశ్నలు రాశారు, అమ్మాయి ఆర్కిటెక్చరే ఎందుకంటోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? అడక్కుండానే సీటు మార్చేయాలని చూడటం తప్పు. ఇష్టంలేని సీఎస్ఈలో బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుంటే ఆ నాలుగేళ్లు అయిదవుతాయి.

సెలవుల్లో మీ ఇంటినే టేపుతో కొలిచి 1:50 స్కేలులో, అంటే 50 సెంటీమీటర్లను కాగితం మీద 1 సెంటీమీటరుగా, గీయమనండి. గోడల మందం, మెట్ల ఎత్తు, తలుపు తెరుచుకునే వైపు అన్నీ రావాలి. మొత్తం కొలత బయట కొలిచినదానితో రెండు అంగుళాలకు మించి తేడా వస్తే మళ్లీ కొలవాలి. విసుగు లేకుండా రెండోసారి టేపు పట్టుకుంటే సందేహించకుండా చేర్చండి.

డిగ్రీ పేరు బీఆర్క్ అనే ఉండాలి. బీడిజైన్, బీఎస్సీ లాంటి పేర్లతో చదివితే ఆర్కిటెక్ట్‌గా రిజిస్ట్రేషన్ రాదు. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీకి ఈ ఏడాది ఎన్ని సీట్లకు అనుమతి ఉందో చూడండి. దగ్గరలో విశాఖ ఆంధ్ర యూనివర్సిటీ ఉంది, ర్యాంకు బాగుంటే 2008లో మొదలైన విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది. ఖరీదైన ల్యాప్‌టాప్ మొదటి ఏడాదే కొనకండి, అప్పుడు చేతి డ్రాయింగే ఎక్కువ. మూడో ఏడాదికి 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకోండి. షీట్లు, మోడళ్ల అట్టలు, ప్రింట్లకు ప్రతి సెమిస్టర్ వేరే డబ్బు పక్కన పెట్టండి, ఫీజుల కాగితంలో అది ఉండదు. చేరే ముందు నాలుగో ఏడాది పిల్లలతో మాట్లాడి, సైట్‌కు ఎన్నిసార్లు తీసుకెళ్లారో అడగండి. సమాధానం దొరక్కపోతే ఆ కాలేజీకి అడ్వాన్సు కట్టకండి.