కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క

పోయినసారి ఇంట్లో గోడల చెమ్మ గురించి రాస్తే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆసుపత్రుల మీదే ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టరుని కానండి. ఆసుపత్రి బిల్డింగులు కట్టించి రిటైరైన ఇంజనీరుని. జబ్బు సంగతి వాళ్లని అడగండి, గోడ సంగతి నన్ను అడగండి.

ప్రశ్న (పాలకొల్లు): మేమిద్దరం డాక్టర్లమే. కాలవ పక్కన మాకున్న 20 సెంట్లలో 30 పడకల ఆసుపత్రి కట్టాలని ఉంది. ముందువైపు మొత్తం అద్దాలు, లోపలంతా ఏసీ ఉంటేనే కార్పొరేట్ లుక్ వస్తుందని ఆర్కిటెక్టు అంటున్నారు. మా నాన్నగారేమో "కిటికీల్లేని ఆసుపత్రి ఏం ఆసుపత్రిరా" అని గోల. ఎవరి మాట వినాలి?

జవాబు: నాన్నగారి మాట వినండి. ఆపరేషన్ థియేటరు, ఐసీయూ మాత్రం వదిలేయండి, అక్కడ గాలిని వడకట్టి, లెక్కప్రకారం పంపాల్సిందే, కిటికీ ముచ్చట పనికిరాదు. మిగతా బిల్డింగంతా ఆయన చెప్పినట్టే కట్టండి.

ముఖ్యంగా ఓపీ హాలు. గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, అంతే. పొద్దున్న పది గంటలకి మీ హాల్లో నలభై మంది కూర్చుంటే, అందులో మూడు వారాలుగా దగ్గుతున్న మనిషి ఒకడుంటే, తలుపులు బిగించిన ఆ చల్లటి గదిలో అందరూ పీల్చేది అతను వదిలిన గాలేనండి. పెరూ దేశంలోని లిమా నగరంలో ఆసుపత్రి గదుల్లో గాలి ఎంత బాగా మారుతోందో కొలిచి 2007లో లెక్కలు వేశారు. కిటికీలు, తలుపులు తీసి ఉంచితే గదిలో గాలి మొత్తం గంటకి 28 సార్లు మారింది. టీబీ లాంటి జబ్బులకి మెషీన్లు పెట్టి కట్టే గదులకి చెప్పే లెక్క గంటకి 12 సార్లే. ఇంకో తమాషా ఏంటంటే, అప్పటికే యాభై ఏళ్లు దాటిన ఎత్తు కప్పుల, పెద్ద కిటికీల బిల్డింగుల్లో 40 సార్లు మారితే, కొత్తగా కట్టినవాటిలో 17 సార్లే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దంలోనే వార్డుకి రెండువైపులా ఎదురెదురు కిటికీలుండాలని పట్టుబట్టింది. అంత దూరం ఎందుకు, మన కోనసీమ మండువా లోగిలి చూడండి. వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా సూటిగా దారి, మధ్యలో ఆకాశం. ఆ ఇళ్లలో మే నెలలో కూడా మనిషి నిద్రపోయేవాడు.

"మరి దోమలండీ?" అంటారు. నిజమే, వరిచేలూ కాలవలూ పెట్టుకుని కిటికీలు బార్లా తీసుకోమంటే రోగి నన్ను తిడతాడు. మెష్ పెట్టండి, కాకపోతే మెష్ గాలిని కొంత మింగేస్తుంది కాబట్టి ఆ మేరకు కిటికీ పెద్దది చెయ్యాలి, ఇక్కడే మనవాళ్లు పిసినారితనం చేస్తారు. పైన కప్పు దగ్గర వెంటిలేటర్లు పెట్టండి, వేడి గాలి పోతుంది. తుఫాను జల్లు ఏటవాలుగా కొడుతుంది కాబట్టి సన్‌షేడ్ ముందుకి చాచి ఉండాలి. పడమర వైపు నిలువెత్తు అద్దం మాత్రం వద్దు, సాయంత్రం మూడింటికి అది పొయ్యి, దాన్ని చల్లార్చే కరెంటు బిల్లు మీదే. రోగుల గదుల్లో ఏసీ పెట్టుకోండి, కానీ తెరిచే కిటికీ ఒకటి ఉండి తీరాలి.

ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నది కూడా చిన్న విషయం కాదండి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీసి రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పోల్చి చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్ల వైపు వాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళితే గోడ వైపు వాళ్లకి 8.70 రోజులు పట్టింది, చెట్ల వాళ్లకి ఘాటు నొప్పి మందులు కూడా తక్కువ పడ్డాయి. 1984లో అచ్చయింది. ఒక్క ఆసుపత్రి, 46 మంది, దీన్ని పట్టుకుని కొబ్బరి చెట్టే మందు అనేస్తే నేను ఒప్పుకోను. కానీ మీకు కాలవ ఉంది, అవతలి గట్టున కొబ్బరిచెట్లూ ఉండే ఉంటాయి. ఆ వైపునే జనరేటరు, బాత్రూము గొట్టాలు, బయోమెడికల్ చెత్త గది పెట్టేసి, రోగుల కిటికీలు పక్కింటి గోడకి తిప్పడం మనకి అలవాటు. అది మాత్రం చెయ్యకండి.

ఇక నీళ్లు. కాలవ పక్కన కాబట్టి ఫ్లోరు ఎత్తు లేపుతారు, మంచిదే. అయితే నాలుగు అడుగులు లేపితే ర్యాంపు 48 అడుగులు ఉండాలి, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవన్నది లెక్క, మధ్యలో ఆగడానికి చదునుగా ఒక చోటు కూడా. స్థలం చాల్లేదని పదిహేనడుగుల్లో ముగించిన ర్యాంపులు ఈ జిల్లాల్లో నేను ఎన్ని చూశానో. అది ర్యాంపు కాదండి, జారుడుబల్ల. పైకి తోయడానికి నలుగురు, కిందకి దిగేటప్పుడు ఆపడానికి ఆరుగురు. మొదటి ప్లానులోనే దాన్ని బిల్డింగు పక్కనుంచి మడత తిప్పి గీయించండి.

కరెంటు ప్యానెలు, జనరేటరు, డీజిలు పంపు, మూడూ ఎత్తు మీదే ఉండాలి. 2012లో శాండీ తుఫానుకి న్యూయార్కులో పెద్ద ఆసుపత్రినే రాత్రికి రాత్రి ఖాళీ చేశారు, సెల్లారులోకి నీళ్లొచ్చి జనరేటర్ల సరంజామా దెబ్బతింది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి మన దగ్గర ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గోదారి పోటు మీదుంటే డ్రెయిన్లు ఎగదన్నుతాయి, సెల్లారు ఆలోచన మానుకోండి.

నా తప్పు ఒకటి చెప్పి వదిలేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వార్డు కట్టించాను. తలుపు వెడల్పు సరిగ్గానే ఇచ్చాను, కానీ వరండాలోంచి తలుపులోకి స్ట్రెచరు మలుపు తిరగడానికి జాగా చూసుకోలేదు. ప్రారంభోత్సవం అయిన నెలకి వెళితే తలుపు పక్క మూల దగ్గర నడుమెత్తున సిమెంటు పెచ్చులూడి, నల్లటి రబ్బరు గీతలు. ప్రతి గీతకీ స్ట్రెచరు మీద ఒక మనిషి, బహుశా కాలు విరిగిన మనిషి, ఎలా అదిరిపడి ఉంటాడో ఊహించుకోండి. అప్పట్నుంచి ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు గోడల మూలలు చూడటం అలవాటైపోయింది. మీరు సున్నంతో నేల మీద ప్లాను గీయించి, ఒక మంచం తెప్పించి, ఇద్దరు మనుషుల చేత తోయించి చూసుకోండి, గంట పని.

ప్రశ్న (కాకినాడ): ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని సార్. మా ఫ్లోరు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. కౌంటరు ఈ చివర, మందుల గది ఆ చివర. నైట్ డ్యూటీ దిగేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి. మేనేజ్‌మెంటుకి చెబితే "నడక ఆరోగ్యానికి మంచిదేగా" అని నవ్వారు. బిల్డింగు ఎలాగూ పగలగొట్టరు, ఏమని అడగాలి?

జవాబు: అలా నవ్వినాయనకి ఒక రాత్రి ట్రే ఇచ్చి నడిపించాలమ్మా. అమెరికాలో 36 ఆసుపత్రుల్లో నర్సుల నడక కొలిచి 2008లో అచ్చు వేశారు. పది గంటల పగటి డ్యూటీలో దాదాపు ఐదు కిలోమీటర్లు తేలింది. అందులో రోగి దగ్గరకి వెళ్లే నడక వేరు, దూది కోసం, సిరంజి కోసం, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడం కోసం నడిచే నడక వేరు. రెండోది బిల్డింగు చేసిన తప్పు, నీది కాదు.

రెండు మూడు రోజులు జేబులో చిన్న కాగితం పెట్టుకుని, ఎన్నిసార్లు మందుల గదికి వెళ్లావో, దేని కోసమో గీతలు పెట్టు. పదింటిలో ఏడుసార్లు అవే నాలుగైదు వస్తువులని తేలుతుంది చూడు. వాటిని ఫ్లోరు మధ్యలో ఒక చిన్న బీరువాలోకో ట్రాలీలోకో మార్చమని, అక్కడే ఒక బల్లా కుర్చీ వెయ్యమని అడుగు. కుర్చీలో కూర్చుంటే వీలైనన్ని మంచాల తలగడలు కనపడాలి, అలా ఉంటే ఊరికే లేచి చూసొచ్చే పని తగ్గుతుంది. నొప్పి గురించి చెబితే వినరు, ఇన్ని గంటల స్టాఫ్ టైము పోతోందని కాగితం చూపిస్తే వింటారు, యజమానుల సంగతి నాకు తెలుసు. చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం సీసా ప్రతి మంచం కాళ్ల దగ్గరా తగిలించమని కూడా అడుగు. సింకు ముప్పై అడుగుల దూరంలో పెట్టి, నర్సులు ప్రతిసారీ చేతులు కడగడం లేదని గోడ మీద నోటీసులు అంటిస్తే ఏం లాభం?

నువ్వు రాయలేదు గానీ, మీకు లోపల గడియ ఉన్న గది, దానికి బాత్రూము ఉన్నాయా? 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఆసుపత్రిలోనే హత్యకి గురైన ఆ డాక్టరమ్మ రాత్రి డ్యూటీలో నడుం వాల్చడానికి వెళ్లింది సెమినార్ హాలుకి. బీరువా సంగతి తర్వాతైనా సరే, ముందు గడియ ఉన్న గది అడుగు.

ప్రశ్న (తణుకు): మా నర్సింగ్ హోమ్ ప్లానులో నైరుతి వైపు కిటికీలన్నీ మూయించమంటున్నారు సిద్ధాంతి గారు. బరువుండాలట. మీరేమంటారు?

జవాబు: సిద్ధాంతి గారితో గొడవ పెట్టుకోను, నేనూ ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయన్లాంటి వారినే పిలిచాను, మా ఆవిడ ఊరుకోదు. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి గాలి వచ్చేదే నైరుతి నుంచి. బరువే కదా కావలసింది, ఆ మూల లిఫ్టో మెట్లో స్టోరో పెట్టేసి, వార్డుకి దక్షిణం వైపున్న కిటికీలు ఉంచెయ్యండి. ఇద్దరికీ సరిపోతుంది.

ప్రశ్న (రాజోలు): మా అత్తగారికి 71 ఏళ్లు. జనవరిలో ఒక మోకాలు ఆపరేషన్ చేయించాం. కిటికీ లేని గదిలో రెండు రాత్రులు ఉంచారు. రెండో రాత్రి నన్ను గుర్తుపట్టలేదు, పాలవాడు వచ్చాడు గిన్నె తెమ్మని అర్ధరాత్రి కేకలు. ఇంటికొచ్చాక మామూలైపోయారు. వచ్చే నెల రెండో మోకాలు. మతిమరుపు జబ్బు మొదలైందా, లేక ఆ గది వల్లేనా? నేను కింద చాప వేసుకుని పడుకుని అన్నీ చూస్తూనే ఉన్నాను.

జవాబు: పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఇలా హఠాత్తుగా అయోమయం రావడం ఉన్నదేనమ్మా, డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. మందులు, ఇన్ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, చాలా కారణాలుంటాయి కాబట్టి కిందటిసారి జరిగింది ఈసారి చేరకముందే మత్తు డాక్టరుగారికి చెప్పి తీరాలి. జబ్బు మొదలైందో లేదో ఆయనే చెప్పాలి, నేను కాదు. కానీ గదికి పాత్ర ఉంది. పగలేదో రాత్రేదో తెలియనివ్వని గది, మొహం మీద ఇరవై నాలుగ్గంటలూ ట్యూబ్‌లైటు, మెషీన్ల కూతలు, కళ్లజోడు తీసేసి కవర్లో పెట్టేయడం, ఇవన్నీ కలిసి మనిషిని తికమక పెడతాయి. రాత్రి వార్డులో చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలే దాదాపు 60 ఉంటాయి.

మంచం మీదున్న మనిషికి లోకమంటే పైకప్పేనమ్మా. ఫిన్లాండులో పైమియో అనే చోట 1933లో పూర్తయిన టీబీ ఆసుపత్రిలో ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు పైకప్పుకి కళ్లకి హాయైన ఆకుపచ్చ రంగు వేయించాడు, దీపాలు పడుకున్నవాళ్ల కంట్లో పడకుండా పెట్టించాడు. సింకులో నీళ్లు పడినా పక్క మంచం వాళ్లకి చప్పుడు వినపడకుండా దాని వంపు గీశాడు. మన దగ్గర నిలబడి ప్లాను చూస్తారు, పడుకుని ఎవరూ చూడరు.

ఈసారి కిటికీ ఉన్న గది అడుగు, పది రూపాయలు ఎక్కువైనా. రాత్రి పదికి పెద్ద లైటు ఆర్పేసి చిన్న బల్బు ఉంచమను, ఒప్పుకోకపోతే కనీసం ఆవిడ తలవైపు ట్యూబు ఒక్కటైనా. లేవగానే కళ్లజోడు పెట్టెయ్. పగలు నిద్రపోనివ్వకుండా కబుర్లు చెప్పు. నువ్వొక్కదానివే మొత్తం రాత్రులు కాయకు, మీ ఆయన్నీ కూర్చోబెట్టు, చాప మీద నిద్రలేని నీకు కూడా మూడో రోజుకి పాలవాడు కనిపిస్తాడు. మంచం మీంచి కనపడేలా గడియారం ఒకటి, క్యాలెండరు ఒకటి తగిలించు. క్యాలెండరు కొత్తది కొనకు, వంటింట్లో మేకుకున్నదే పట్టుకెళ్లు. ఆవిడ పాల లెక్కలు అందులోనే ఉంటాయి కదా.