బోటు ఇంజిన్‌ను చలికాలానికి ఇంట్లోనే సిద్ధం చేసుకోవచ్చా?

అమెరికాలో చలి గడ్డకట్టించే మిన్నెసోటాలో కొత్తగా ఇన్‌బోర్డ్ బోటు (ఇంజిన్ బోటు లోపలే ఉండేది) కొన్నాను, చలికాలం పని ఇంట్లో చేసుకోవాలా, షాపుకి ఇవ్వాలా అని అడిగారు. ఇంట్లోనే చేసుకోండి. కానీ ముందు ఇంజిన్‌లోని నీళ్లు తీసేయండి, ఆ తర్వాతే యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం.

మేమూ ఇక్కడే ఉంటాం. మా ఇంజిన్ చల్లబడడానికి సరస్సు నీళ్లు నేరుగా బ్లాక్‌లోకి, అంటే ఇంజిన్ ఇనుప దిమ్మలోకి వెళ్లే రకం. మొదటి ఏడాది బకెట్‌లో పింక్ యాంటీఫ్రీజ్ పోసి, ఇంజిన్ నీళ్లు పీల్చే పైపు అందులో పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఎగ్జాస్ట్‌లోంచి గులాబీ రంగు రాగానే పని అయిపోయిందనుకుని కవర్ కప్పేశాను. మేలో నీళ్లలోకి దింపి పది నిమిషాలు నడిపి ఆయిల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్) లాగితే ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంది! బ్లాక్ పగిలి ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఆ రోజు అన్నం సహించలేదు.

ఇంజిన్ వేడెక్కకముందే బకెట్ ఖాళీ అయింది. వేడెక్కితేనే తెరుచుకునే వాల్వ్, థర్మోస్టాట్, తెరుచుకోలేదు. యాంటీఫ్రీజ్ పక్కదారిన ఎగ్జాస్ట్‌లోకి పోయింది, సరస్సు నీళ్లు బ్లాక్‌లోనే ఉండిపోయాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము సాగదు. ఫ్రీజ్ ప్లగ్‌లు (బ్లాక్ పక్కల ఉండే లోహపు మూతలు) ఊడి బ్లాక్‌ని కాపాడతాయని చెప్పేవాళ్లని నమ్మకండి. అవి పోత పోసినప్పుడు మిగిలే రంధ్రాలు మూయడానికి పెట్టినవి.

ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ మార్చి, బ్లాక్‌కి రెండు వైపులా, మానిఫోల్డ్‌లకి (పొగ బయటికి పోయే భాగాలకి) ఉన్న, నీళ్లు వదిలే ప్లగ్‌లు విప్పుతాను. పంపు గొట్టాలు కూడా. విప్పినవన్నీ ఖాళీ ఆవకాయ సీసాలో వేసి లెక్కపెట్టుకుంటాను. నిరుడు ఎడమవైపు ప్లగ్ తీస్తే చుక్క రాలేదు. హ్యాంగర్ తీగతో పొడిచాను. ముందు తుప్పు కలిసిన బురద జారింది, వెంటనే నీళ్లు బుస్సున నా మోచేతి దాకా తడిపేశాయి. పొడవకపోతే ఆ నీళ్లన్నీ లోపలే గడ్డకట్టేవి. మళ్లీ ప్లగ్‌లు బిగించి, పైనున్న గొట్టంలోంచి నేరుగా బ్లాక్‌లోకి పింక్‌ది పోస్తాను. కార్లలో వాడే ఆకుపచ్చది వద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

షాపువాళ్ల మీద నా కోపం ఏంటంటే, బిల్లులో 'వింటరైజేషన్' అని ఒక్క ముక్క రాస్తారు. ఏ ప్లగ్ విప్పారో, తీగ పెట్టి చూశారో లేదో చెప్పరు. చెయ్యి దూరని చోట ప్లగ్ పెట్టే ఇంజినీర్లు సరేసరి.

మీ ఇంజిన్ మోడల్ రాయండి, ప్లగ్‌లు ఎక్కడెక్కడున్నాయో చూసి చెప్తాను.