1965 ఫోర్డ్ మస్టాంగ్ కారులోని 289 (289 క్యూబిక్ అంగుళాల వీ8) ఇంజిన్‌కు ఏ రంగు వేయాలి? ఎలా వేయాలి?

నీలం కాదు. ఫోర్డ్ అన్ని ఇంజిన్లకూ ఒకే నీలం రంగు వేయడం 1966 మోడల్ నుంచే. 1965లో 289కి బ్లాక్, హెడ్లు నలుపు. వాల్వ్ కవర్లు, ఎయిర్ క్లీనర్ బంగారు రంగు. 200 సిక్స్ సిలిండర్‌కైతే ఆ రెండూ ఎరుపు. వీఐఎన్‌లో (కారు గుర్తింపు సంఖ్యలో) ఐదో అక్షరం కె అయితే అది హై పెర్ఫార్మెన్స్ 289. దాని కవర్లు క్రోమ్. మధ్యలో ఇంజిన్ మారి ఉండొచ్చు కాబట్టి బ్రాకెట్ల కింద మిగిలిన పాత రంగునూ గీకి చూడండి.

రంగు ఊడిపోవడానికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ జిడ్డే. డీగ్రీజర్‌తో కడిగి, వైర్ బ్రష్‌తో తుప్పు తీసి, చివర్లో బ్రేక్ క్లీనర్ కొట్టి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మరక అంటితే మళ్లీ మొదటికే. గాస్కెట్ కూర్చునే చోట్లు, ప్లగ్ రంధ్రాలు, సెన్సర్ మరలు టేపుతో మూసేయండి. అల్యూమినియం భాగాలకు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని గట్టిగా పట్టుకునే అడుగు పూత) తప్పదు.

సుమారు 260 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే ఇంజిన్ ఎనామెల్ వాడండి. పల్చగా మూడు కోట్లు, మధ్య పది నిమిషాలు. డబ్బా మీద రాసిన రీకోట్ గడువు (తర్వాతి కోటు వేయాల్సిన సమయం) దాటాక హడావిడిగా ఇంకో కోటు కొడితే కింది పొర ముడతలు పడుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే వేడి భాగం) మీద ఇదే రంగు వేస్తే మొదటి ప్రయాణంలోనే కాలి పొగ వస్తుంది. దానికి 650 డిగ్రీల పూత వేరే ఉంది, లేదా పోత ఇనుము అలాగే వదిలేయండి, ఫ్యాక్టరీ పద్ధతికి అదే దగ్గర.